మెట్ల మొదట్లో జోగమ్మ

మల్కాపురం వెనక కొండవాలున రెండు వందల పైచిలుకు ఇళ్లున్నాయి. ఒకరి గుమ్మం ఎత్తున ఇంకొకరి రేకుల కప్పు ఉంటుంది. వీధులంటూ లేవు, మెట్లే. అందుకే దానికి మెట్ల కాలనీ అని పేరొచ్చింది. వీధే లేనిచోట తలుపు నంబరు ఎక్కడిది? బ్యాంకులోనో గ్యాసు ఆఫీసులోనో చిరునామా అడిగితే అక్కడివాళ్లంతా ఒకటే రాయించేవారు: "జోగమ్మ టిఫిన్ బండి, మెట్ల మొదలు, మల్కాపురం."

జోగమ్మ ఆమదాలవలస దగ్గరి పల్లె నుంచి పెళ్లయిన ఏడాదే మొగుడు దుర్గారావుతో విశాఖపట్నం వచ్చింది. అతను ఫిషింగ్ హార్బర్లో బోట్లకు రంగులేస్తాడు. ఆమె మెట్ల దగ్గర పొద్దున ఇడ్లీలు, అట్లు, సాయంత్రం పునుగులు వేస్తుంది. కొండెక్కడం ఇష్టంలేని పోస్టుమేన్ దేవీప్రసాద్ ఒకసారి ఒక కవరు ఆమె చేతిలో పెట్టి, "కాస్త అందించీ జోగమ్మా" అన్నాడు. అలా మొదలైంది. తర్వాత కొరియర్లవాళ్లు, సిలిండర్లవాళ్లు, అందరూ ఆమె దగ్గరే ఆగడం మొదలెట్టారు.

ఆమెకు చదువు రాదు. దేవీప్రసాద్ పేరు చదువుతాడు, ఆమె వింటుంది, కవరు బిస్కెట్ల డబ్బాలో వేస్తుంది. సాయంత్రానికి ఆ మనిషి దిగివచ్చి తీసుకుంటాడు. డబ్బాలో పది కవర్లున్నా ఏది ఎవరిదో మడత చూసి, రంగు చూసి చెప్పేది. ఇన్నేళ్లలో ఒక్కటి తప్పలేదు. ఆ సంగతి చెప్పుకోవడం ఆమెకు మహా ఇష్టం.

నిరుడు వానాకాలంలో తప్పింది.

దేవీప్రసాద్ సెలవులో ఉన్నాడు. అతని బదులు వచ్చిన కొత్తాయన మోటారుసైకిల్ దిగకుండానే "కుసుమకుమారి!" అని కేకేసి కవరు బల్ల మీద పడేసి వెళ్లిపోయాడు. మూకుడులో నూనె కాగుతోంది. జోగమ్మ కవరు డబ్బాలోకి తోసింది. కాలనీలో కుసుమకుమారులు ఇద్దరు. ఒకామె ఆటో డ్రైవరు భార్య, ఏటీఎం కార్డు ఇంకా రాలేదని రోజూ అడుగుతోంది. రెండో ఆమె పై వరసలో ఉండే వెంకటరమణమ్మ కూతురు, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తిచేసిన పిల్ల. అడిగేది ఆటో డ్రైవరు భార్యే కదా అని జోగమ్మ కవరు ఆమెకే ఇచ్చింది. ఆమెకూ చదువు అంతంతమాత్రమే. కార్డే అనుకుని విప్పకుండా సంచిలో పెట్టుకుని, చెల్లెలి పురుటికి నర్సీపట్నం వెళ్లింది.

పన్నెండు రోజుల తర్వాత తిరిగొచ్చాక గాని అది కార్డు కాదని తెలియలేదు. పరవాడలో ఒక మందుల కంపెనీ, వెంకటరమణమ్మ కూతుర్ని ఇంటర్వ్యూకి రమ్మని రాసిన ఉత్తరం. తేదీ దాటి నాలుగు రోజులైంది.

వెంకటరమణమ్మ మెట్ల మీద నిలబడి కొండంతా వినబడేట్టు అరిచింది. "చదువు రానిదానివి నీకెందుకే మా ఉత్తరాలు? నా పిల్ల నోటికాడి కూడు తీసీసావు గదే!"

జోగమ్మ పొయ్యి ఆర్పేసి, పిండి గిన్నె మూసి ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు బండి పెట్టలేదు. ఆ మర్నాడూ పెట్టలేదు. దుర్గారావు అన్నం తినమంటే గోడవైపు తిరిగి పడుకుంది. "ముప్పై ఏళ్లు మోసిన పేరు ఒక్క కాయితంతో పోనాది మావా," అంది.

మూడోనాడు పొద్దున్నే తలుపు తట్టింది వెంకటరమణమ్మ కూతురు కుసుమకుమారే. కళ్లు వాచి ఉన్నాయి గాని, మాటలో కోపం లేదు.

"పిన్నీ, బండెందుకు పెట్టలేదు? మెట్ల కాడ జనాలందరూ నీకోసమే సూత్తన్నారు."

"ఏ మొకం పెట్టుకుని పెడతానే గుంటా? నీ బతుకు పాడుసేసాను."

"నా బతుకేటి, ఒక ఉత్తరంతో పాడైపోద్దా? ఏడిసాను, అయిపోనాది. రేపు ఇంకో ఉత్తరం వస్తే ఏటి సేత్తావో అది సెప్పు."

పిల్ల చంకలోంచి పలక తీసి చాప మీద పెట్టింది. "అందరి కవర్లూ ఇంగ్లీషులోనే వస్తాయి. ముందు ఇంటిపేరు మొదటక్షరం సదువు. మాది జి. ఆటో ఆళ్లది బి. ఈ రెండూ తెలిసుంటే ఇదంతా జరిగేదే కాదు గదా."

యాభై రెండేళ్ల జోగమ్మ పలక పట్టుకోవడానికి సిగ్గుపడింది. పిల్ల వదల్లేదు. జి అంటే లోపల చిన్న పిడి ఉన్న కొడవలని, బి అంటే ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు సగం బూరెలని చెప్పింది. బూరెలనేసరికి జోగమ్మకు నవ్వొచ్చింది. ఆ రోజు మధ్యాహ్నమే బండి పెట్టింది. బేరం లేనప్పుడు గరిటెతో పిండి తీసి పెనం మీద అక్షరాలు పోసి చూసుకునేది. ఎస్ ఎప్పుడూ వంకరపోయేది. తప్పు రాసిన అక్షరాన్ని తానే తినేసేది. నాలుగు నెలలు తిరిగేసరికి కూడబలుక్కుని మొత్తం పేరు చదివే స్థితికి వచ్చింది.

అప్పుడామెకే ఒక ఆలోచన వచ్చింది. తను లేని రోజున పోస్టుమేన్ ఏం చేస్తాడు? ప్రతి తలుపు మీదా ఇంటిపేరూ, ఒక నంబరూ రాసేస్తే? దుర్గారావుని అడిగింది. బోట్లకు వేయగా డబ్బాల అడుగున మిగిలిన నీలం రంగు, యజమానిని అడిగి తెచ్చాడు. కుసుమకుమారి పలక మీద రాసిస్తే, ఆయన తలుపు మీద ఎక్కించేవాడు. బోట్లకు పేర్లు రాసీ రాసీ ఆయన చెయ్యి తిరిగినదే.

మొదటి రోజే గొడవైంది. మూడో వరసలో తాతబాబు అనే ముసలాయన కర్ర పట్టుకుని గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "నంబర్లేసినోళ్లే రేపొచ్చి ఇళ్లు కూలగొడతారు. నాకు తెల్దేటి? ఎనకటికి రైలుకట్ట పక్కన గుడిసెలకి ఇలాగే ఏసారు."

ఆయన భయం జోగమ్మకు అర్థమైంది. ఆ గుడిసెల్లో ఆమె కూడా ఆరేళ్లు ఉంది. "బాబాయ్, ఇది ఆఫీసోళ్ల రంగు కాదు, పడవ రంగు. నాను ఏయిత్తన్నాను. ఎవరైనా కూలగొట్టడానికొస్తే ఆ నంబరు సూపించి ఇక్కడ ఇన్నిళ్లున్నాయి, ఇంతమందిమున్నాం అని సెప్పుకోడానికే పనికొత్తాది. ఇష్టం నేకపోతే వద్దులే," అని పై వరసకు వెళ్లిపోయింది.

నాలుగోనాటికి చుట్టూ ఉన్న తలుపులన్నీ నీలం అక్షరాలతో మెరుస్తుంటే, తాతబాబు మెట్లు దిగొచ్చి, "మాదొక్కటే బోడిగా ఉన్నాది. ఏసీండి," అన్నాడు గొణుగుతూ.

ఎండాకాలంలో ఒక మిట్టమధ్యాహ్నం ఆయనకే గుండెలో నొప్పి వచ్చింది. కోడలు ఫోన్లో ఇంటి నంబరు చెప్పింది. అంబులెన్సు కుర్రాళ్లు జోగమ్మ బండి దగ్గర ఆగి, ఎవర్నీ అడక్కుండా, నీలం అంకెలు చూసుకుంటూ స్ట్రెచరుతో నేరుగా ఎక్కేశారు. వారం తర్వాత తాతబాబు ఆసుపత్రి నుంచి వచ్చి, బండి దగ్గర బల్ల మీద కూర్చుని రెండు ఇడ్లీలు తిన్నాడు. నంబరు మాట ఎత్తలేదు. జోగమ్మా ఎత్తలేదు. ఇంకో ఇడ్లీ వేసింది.

కుసుమకుమారికి పరవాడ ఉద్యోగం మళ్లీ రాలేదు. సీతమ్మధారలో ఒక రక్తపరీక్షల ల్యాబులో చేరింది. జీతం కొంచెం తక్కువే గాని బస్సు ఒకటే, చీకటి పడకముందే ఇల్లు చేరుతుంది. "పరవాడైతే నైట్ డ్యూటీలు గదా, పోనీలే," అంటోంది ఇప్పుడు వెంకటరమణమ్మ. రోజూ పొద్దున జోగమ్మ దగ్గరే కూతురికి ఇడ్లీలు కట్టిస్తోంది.

ఇక జోగమ్మ సంగతి. మొన్న ఆదివారం చేపల కోసం మొగుడితో జాలరిపేట బయల్దేరింది. బస్సు కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా బోర్డులన్నీ పైకి చదవడం మొదలెట్టింది. మెడికల్. మొబైల్. బేకరీ. ఒక్కో అక్షరం పోగేసుకుని, మాట పూర్తవగానే గట్టిగా. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి చూస్తున్నారు.

"మెల్లగా సదవొచ్చు గదే, అందరూ నవ్వుతన్నారు," అన్నాడు దుర్గారావు.

"నవ్వనీ మావా. అదేటి, ఆ ఎర్రబోర్డు? ఎస్... హెచ్... ఉండుండు, సెప్పకు, నానే సదువుతాను."

ఆ ఎర్రబోర్డు పూర్తయ్యేలోగా దిగాల్సిన స్టాపు దాటిపోయింది. తర్వాతి స్టాపులో దిగి, ఎండలో వెనక్కి నడిచారు. జాలరిపేటలో కానాగంత చేపలు అప్పటికి ఇంకా తాజాగానే ఉన్నాయి.