కిటికీ దగ్గర అరగంట

ఇరవై రెండేళ్ళుగా చీకటిగదిలో పనిచేసే మనిషికి గబ్బిలం అని పేరు పెట్టడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. ఆ పరిశోధనశాలలో ఆయన కోసం అంతకంటే ఎక్కువ తెలివి ఎవరూ ఖర్చుపెట్టలేదు కూడా. వెనకాల అనుకునే ఆ మాట ఆయన చెవిన పడకపోలేదు. పడినా కోపం రాలేదు. భార్య పోయాక ఏదో ఒక పేరు పెట్టి పిలిచేవాళ్ళే కరువయ్యారు మరి.

మూడో అంతస్తు చివర ఆయన గది. పసుపు బల్బు ఒక్కటే. గాజుపళ్ళేలలో బ్యాక్టీరియాను పరిచి, అతినీలలోహిత దీపం కింద కొన్ని సెకన్లు పెట్టాలి. ఆ దెబ్బకు వాటి డీఎన్ఏ చెడుతుంది. మామూలు బ్యాక్టీరియా దాన్ని బాగుచేసుకుని బతుకుతుంది. బాగుచేసే జన్యువు లేని మ్యూటెంట్లు చస్తాయి. మర్నాడు పళ్ళెంలో మొలిచిన చుక్కలను లెక్కపెడితే బతికినవెన్నో తేలిపోతుంది. నియమం ఒక్కటే: దీపం కింద నుంచి తీసిన పళ్ళేనికి పగటి వెలుతురు తగలకూడదు. తగిలిందా, వాటిలోనే ఉన్న ఇంకో ఎంజైము పనిలోకి దిగి మ్యూటెంట్లకు కూడా ప్రాణం పోస్తుంది. అందుకే నల్లగుడ్డ కప్పి, వరండా అవతలి కొసన ఉన్న ఇంక్యుబేటర్‌లో పెట్టాలి.

ఆ మంగళవారం నల్లగుడ్డ గదిలోనే మర్చిపోయాడు. నాలుగడుగులేగా అనుకుని ట్రే పట్టుకుని బయల్దేరాడు. వరండా మధ్యలో పెద్ద కిటికీ. కింద క్యాంటీన్ బల్లల దగ్గర ఎవరో ఏదో అన్నారు, అందరూ పడీపడీ నవ్వారు. ఆయన ట్రే కిటికీ గట్టున పెట్టి చూస్తూ నిలబడ్డాడు. వాళ్ళు లేచి వెళ్ళాక గడియారం చూసుకుంటే అరగంట! అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తేలాక, పళ్ళేలు ఇంక్యుబేటర్‌లోకి తోసేశాడు. రేపు చెబుదాంలే అనుకున్నాడు.

ఆ రేపు ఆయనకంటే ముందే వచ్చింది. మూడేళ్ళుగా అదే మ్యూటెంట్‌తో కుస్తీ పడుతున్న పరిశోధక విద్యార్థిని పరిగెత్తుకుంటూ వచ్చింది. అంతవరకూ ఏ పనున్నా చీటీ మీద రాసి తలుపు సందులో దోపి పోయిన పిల్ల.

“బాబాయ్! నలభై మూడు! సున్నా రావాల్సిన చోట నలభై మూడు బతికాయి!”

బాబాయ్ అంది.

“మనకి తెలీని రిపేరు దారి ఇంకేదో ఉందన్నమాట. మీ హస్తవాసి బాబాయ్!”

అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఎంత పెద్దమనిషైనా ఆశ ముందు తేలిపోతాడు. మధ్యాహ్నం ఆమె రెండు గ్లాసుల టీ తెచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది. హాస్టల్లో పక్క మంచం పిల్ల గురక గురించీ, రోజూ ఫోన్ చేసి “తిన్నావా” తప్ప ఇంకేమీ అడగని వాళ్ళమ్మ గురించీ చెప్పింది. గురువారం మళ్ళీ వచ్చింది. ఆ రోజు ఆయన పైకే నవ్వేశాడు. నవ్వి చాలా కాలమైందేమో, కొత్త చెప్పులా కరిచింది. ఇంటికి వెళ్ళి, ఆమె చెప్పిన కబుర్లన్నీ ఖాళీ గదిలో ఒకసారి తనే చెప్పుకున్నాడు.

శుక్రవారం ఆమె టీ ఊదుకుంటూ అంది. “సోమవారం మా గైడ్ సార్‌కి చూపిస్తున్నా. వెంటనే పేపర్ రాసెయ్యమంటారు చూడండి.”

రేపు ఆ పేపర్ చూసి ఇంకెవరో ఇదే ప్రయోగం చీకట్లో చేస్తారు. సున్నా వస్తుంది. నలుగురిలో తలదించుకునేది ఈ పిల్లే. ఆయనకి టీ సహించలేదు.

“అమ్మా, ఆ పళ్ళేలు కిటికీలో పెట్టాను. గుడ్డ కప్పలేదు. అరగంట.”

ఆమె టీ ఊదడం ఆపేసింది.

“ఎందుకు?”

“కింద మీరంతా నవ్వుకుంటున్నారు. చూస్తూ ఉండిపోయాను.”

“మూడు రోజులు నాతో టీ తాగారు. అప్పుడైనా చెప్పలేకపోయారా?”

“చెబితే మళ్ళీ రావు కదమ్మా.”

ఆమె గ్లాసు అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. సగం టీ మిగిలింది.

సోమవారం తలుపు సందులో చీటీ కనిపించింది. “ఒక సెట్ పూర్తిగా చీకటిలో. ఇంకో సెట్ కిటికీ దగ్గర, సరిగ్గా అరగంట. సమయం నోట్ చేయగలరు.” అంతే. తిప్పి చూశాడు. వెనకాల ఏమీ లేదు.

చీకటి సెట్‌కి గుడ్డ కప్పి ముందే ఇంక్యుబేటర్‌లో పెట్టేశాడు. రెండో ట్రే కిటికీ గట్టున దించి, ఆమె కూర్చున్న స్టూలే తెచ్చి వేసుకున్నాడు. కింద బల్లల దగ్గర ఆమె ఉంది. ఇటు వీపు పెట్టి కూర్చుని ఎవరికో ఏదో చెబుతోంది. అందరూ నవ్వారు. ఇప్పుడు చూస్తూ కూర్చోవడం ఆయన డ్యూటీయే, ఎవరూ తప్పుపట్టరు. ఆమె తల పైకెత్తలేదు.

అరగంట కాగానే లేచి, పళ్ళేల మీద నల్లగుడ్డ కప్పాడు. ఒక్క నిమిషం కూడా ఎక్కువ ఉండలేదు.