బాపు తొక్కిన బ్రేకు

ఇరవై ఏళ్ల కిందటి మాట. మేము ఛత్రినాకలో ఉండేవాళ్లం. మా బాపు సిటీ బస్సు డ్రైవరు. నేను ఒక్కో భాగమే కొని, గేములు ఆడుకోవడానికి కంప్యూటర్ తయారు చేసుకుంటున్నాను. ఇక తెరమీద బొమ్మను ఆగకుండా కదిలించే గ్రాఫిక్స్ కార్డే మిగిలింది. "అగ్గువది చూసి తీసుకుందాం తియ్" అంటూ బాపు కూడా మొఘల్‌పురాలోని దుకాణానికి వచ్చాడు.

దుకాణం భాయ్ చవక కార్డును తన కంప్యూటర్‌లో పెట్టి కార్ల పందెం గేమ్ తెరిచాడు. "మీరే నడిపి చూడుండ్రి సాబ్" అని బాపును కూర్చోబెట్టాడు. ఏ మీట నొక్కాలో నేను చెప్పాను.

కారు వేగం అందుకోగానే బొమ్మ ఆగి ఆగి కదలసాగింది. మలుపు కనిపించేసరికే ఆలస్యమైపోయింది. ఎదురుగా రోడ్డు పక్కన జనం నిలబడి ఉన్నారు. "జరుగుండ్రి!" అని బాపు గట్టిగా అరిచి, కుడికాలితో నేలను బలంగా తొక్కాడు. కారు వెళ్లి గోడను ఢీకొంది. దుకాణంలో అందరూ పగలబడి నవ్వారు. సిగ్గుతో తల దించుకున్న నాకు బాపు కుడికాలు కనిపించింది. అది ఇంకా నేలను తొక్కే ఉంది.

"ఇన్నేండ్ల సర్వీసుల ఒక్క మనిషికి దెబ్బ తగలనియ్యలే" అన్నాడు బాపు మెల్లగా. నవ్వులు ఆగిపోయాయి. "మలుపు ముందుగాల్నే కనవడే కార్డు ఇయ్యి భాయ్. జర ఎక్కువైనా ఫికర్ లేదు."

ఎక్కువ ధర కార్డే కొన్నాం.

బాపు డ్యూటీ దిగి వచ్చేదాకా అమ్మ రోజూ వాకిట్లో నిలబడేది. చల్లగాలి కోసమేమో అని అప్పటిదాకా అనుకునేవాణ్ని. మర్నాటి నుంచి నేనూ ఆమె పక్కన నిలబడేవాణ్ని.