మట్టి మిద్దె మీద ఛత్రి

మొన్న సాయంత్రం రాయచూరులోని మా ఇంట్లో టీవీ చూస్తుండగా తెర మీది బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి, కాసేపు వణికి, 'సిగ్నల్ లేదు' అన్న రెండు మాటలు మిగిల్చి మాయమైంది. బయట చిన్న తుంపర పడుతోంది, అంతే. ఇలాంటప్పుడు ఎవరైనా ముందు మేడ మీది ఛత్రి, అదే డిష్ యాంటెన్నా, ఎటు తిరిగిందో చూస్తారు. నేను మేడ ఎక్కి ఛత్రి వైపు కూడా చూడకుండా, దాని కాళ్ల దగ్గర గచ్చు మీద చెయ్యి పెట్టి చూశాను. కిందికొచ్చి గది కప్పును ఆ మూల నుంచి ఈ మూల దాకా పరీక్షించాను. మళ్లీ మేడ ఎక్కాను. మా ఆవిడ నవ్వలేదు గానీ, "టీవీ పోతే మిద్దె సూసే మనిషిని నిన్నొక్కన్నే సూసిన" అంది. మర్నాడు పొద్దున వచ్చిన మెకానిక్ తీగ చివర పిన్ను మార్చి పది నిమిషాల్లో బొమ్మ తెప్పించి వెళ్లిపోయాడు. బొమ్మ వచ్చింది గానీ నాకు కుదురు రాలేదు. ఆ రోజంతా ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాను. కుదురుగా కూర్చోవడం నాకు పుట్టుకతోనే రాలేదు, నిజమే. కానీ టీవీలో బొమ్మ పోతే నా గుండె ఇలా కొట్టుకోవడానికి కారణం వేరే ఉంది. మా మేనత్త, ఆమె ఇల్లు, ఏళ్ల కిందటి ఒక వానాకాలపు వారం.

మేనత్త అంటే మా నాన్నకు చెల్లెలు. ఆమె ఊరు జిల్లాకు తూర్పు కొసన ఉంటుంది. బస్సు దిగి ఇంకాస్త దూరం నడిస్తే తెలంగాణ. అక్కడి వాళ్లకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, సంతలో ఉర్దూ. కోపమొస్తే మూడూ కలుస్తాయి. అత్తకు రెండెకరాల మెట్ట, కూలికి పోయే రెండు చేతులు, ఒక మట్టి మిద్దె. మట్టి మిద్దె ఎరగని వాళ్లకు చెప్పాలి. రాతిగోడల మీద దూలాలు వేసి, వాటి మీద కట్టెలు, ఆకూ అలమూ పరిచి, పైన మందంగా చౌడుమన్ను పోసి తొక్కుతారు. ఆ మన్ను వాన నీటిని కిందికి దిగనివ్వదు. ఎండాకాలంలో ఆ ఇంట్లో పడుకుంటే లేవబుద్ధి కాదు. ఏటా మిరుగు కార్తె వానలకు ముందు ఊరంతా గంపలతో చౌడుమన్ను మోసుకొచ్చి మిద్దెల మీద కొత్త పొర పోసుకుంటారు. పాత పొర గీకేసి కొత్తది పోయాలని ముసలివాళ్లు చెబుతూనే ఉంటారు. పోయడం ఒక పూట పని, గీకడం మూడు రోజుల పని. కాబట్టి వినేవాళ్లు తక్కువ. మా అత్త మిద్దె మీద ఆమె అత్తగారి కాలం నాటి మన్ను కూడా అలాగే ఉంది. కప్పు నడుమ వెలుతురు కోసం మూరెడు రంధ్రం వదులుతారు, దాన్ని గవాచి అంటాం. వానొస్తే దాని మీద పాత కుండ బోర్లిస్తారు. మిద్దె మీది వాళ్లూ ఇంట్లో వాళ్లూ మాట్లాడుకునేది కూడా దానిలోంచే.

ఆ ఇంటికి ఛత్రి తెచ్చి బిగించింది నేనే. సర్కారు చానళ్లు ఉచితంగా వచ్చే ఛత్రి అది. నేను అప్పుడు రాయచూరులో ఒక బియ్యం మిల్లులో గుమాస్తాను. టీవీ విద్యలో నా అర్హత ఏమిటంటే, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక టెస్టరు ఉండేది. పల్లెలో జేబులో టెస్టరున్న మనిషికి డాక్టరుకున్నంత మర్యాద ఉంటుంది, ఆ రుచి నేను బాగా మరిగాను. ఛత్రిని గోడకు బిగించాలని అమ్మినవాడు చెప్పాడు. గోడ దగ్గర పెడితే తీగ చాలలేదు. మిద్దె నట్టనడుమ గవాచి పక్కన పెడితే తీగ నేరుగా కిందికి దిగి టీవీలోకి పోతుంది, గోడకు తొర్ర పెట్టే పని కూడా తప్పుతుంది. అక్కడే నిలబెట్టి, కదలకుండా కాళ్ల మీద నాలుగు బండరాళ్లు పెట్టి, ఆగ్నేయానికి తిప్పి, బొమ్మ రప్పించి, ఊరివాళ్లు చూస్తుండగా కాలు మీద కాలేసుకుని చాయ తాగాను.

ఇక అత్త సంగతి. ఆమెకు విత్తనం దాచే విద్య వచ్చు. కందులు గానీ జొన్నలు గానీ అనుములు గానీ బూడిదా వేపాకూ కలిపి కుండల్లో పోసి, మూతికి పేడ అలికి పెట్టిందంటే మరుసటి ఏటికి కూడా పురుగు తొంగిచూడదు. మరీ మేలైన విత్తనాలు మూటలు కట్టి గరిసె మీద పెట్టేది. గరిసె అంటే ధాన్యం పోసే పెద్ద వెదురు బుట్ట, మనిషెత్తు ఉంటుంది. దాని మూతకూ పైన దూలానికీ మధ్య మోచెయ్యి దూరే సందు, ఆమె ఖజానా అదే. ఊళ్లో ఆడవాళ్లు ఆమె దగ్గరికొచ్చి విత్తనం అడిగి తీసుకుపోయేవాళ్లు. మామ మాత్రం ఆ విద్యను ఏనాడూ లెక్కచేయలేదు. చెడ్డమనిషి కాదు. భార్య ఏం చెప్పినా "ఊఁ" అనేవాడు, ఆ ఊఁలో వినడం ఉండేది కాదు. మామనొక్కణ్ణే అని లాభం లేదు, మేమందరం అంతే. అత్త మాట ఇంట్లో రుబ్బురోలు చప్పుడులాంటిది, ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు.

అలాంటి అత్త దగ్గరికి ఆ ఏడు ఎండాకాలంలో వ్యవసాయ కార్యక్రమం తీసేవాళ్లు కెమెరా పట్టుకుని వచ్చారు. పూటంతా ఆమెను మాట్లాడించి, కుండలూ బూడిదా అన్నీ కెమెరాలో పట్టుకుని పోయారు. మిరుగు మొదలయ్యాక, వచ్చే శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు కన్నడ చానల్లో వస్తుందని కబురు చేశారు. వచ్చేది ఒక్కసారే. తర్వాత ఫోన్లో వెతికి చూసుకునే రోజులు మా వాళ్లకింకా రాలేదు. అత్తకు పెళ్లి ఫోటో కూడా లేదు. తన గొంతు తాను బయటి నుంచి ఎన్నడూ విన్నది కాదు. "నేను మాట్లాడితె ఎట్లుంటదో ఒక్కపారి ఇనాల అల్లుడా. మీ మామ గూడ ఇనాల" అంది నాతో. ఆ రెండో మాట కొంచెం గొంతు తగ్గించి అంది. ఊళ్లో పెద్ద రైతు ఇంట్లో కూడా టీవీ ఉంది కదా, ఏదైనా అడ్డం వస్తే అక్కడ చూద్దామన్నాను. "ఆడికి పని చేసెతందుకు పోత. నన్ను నేను సూసుకునెతందుకు వాళ్ల వాకిట్ల నిలవడ" అంది. తనతో కూలికి వచ్చే ఆడవాళ్లను, ముప్పై మంది దాకా, తన ఇంటికే పిలిచేసింది. అందరూ తినడానికి మరమరాల ఉప్మాలాంటి బొరుగుల ఒగ్గాని కూడా చేస్తానంది.

సోమవారం బొమ్మ పోయింది. మామ ఫోన్ చేశాడు. మిల్లులో కడుపునొప్పి అని చెప్పి బస్సెక్కాను. టీవీ పక్కనుండే సెట్‌టాప్ డబ్బాలో సిగ్నల్ చూపే పేజీ ఒకటుంటుంది, అందులో రెండు గీతలు. మొదటిది నిండుగా ఉంటే తీగా డబ్బా బాగున్నట్టు. రెండోది నిండుగా ఉంటే ఛత్రి సరైన దిక్కుకు చూస్తున్నట్టు. మా అత్త ఇంట్లో మొదటిది నిండుగా ఉంది, రెండోది సున్నా. అంటే ఛత్రి పక్కకు ఒరిగిందన్నమాట. ఇది నాకు తెలుసు. తెలిసినా ముందు పిన్ను మార్చాను, తర్వాత తీగ మార్చాను, డబ్బా విప్పి ఊదాను. చేతులు ఊరుకోవు కదా. చివరికి మిద్దె ఎక్కి ఛత్రిని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతుంటే, కింద అత్త తెర ముందు కూర్చుని గవాచిలోంచి అంకెలు చదివింది. "ఇర్వై... ముప్పై... పోయె. మల్ల ఇటు తిప్పు. యాభై, అర్వై. ఇగ ముట్టకు" అంది. ఛత్రి మళ్లీ కదలకుండా ఇంకో రాయి పెట్టి దిగాను.

మంగళవారం పొద్దున మళ్లీ పోయింది. గాలిని తిట్టాను. మళ్లీ తిప్పాను, మళ్లీ ఇంకో రాయి. బుధవారం కోతులను తిట్టాను, ఇంకో రెండు రాళ్లు. గురువారానికి తిట్టడానికి ఎవరూ మిగలక, మామ ఆ పక్కన మిరపకాయలు ఆరబోశాడని ఆయన మీద పడ్డాను. "ఏండ్లసంది ఆరబోస్తున్న, అప్పుడు పోలే" అన్నాడు మామ. ఛత్రి రోజూ ఒకే పక్కకు, గవాచి వైపుకే ఒరుగుతోందని నేను గమనించకపోలేదు. బోల్టు అరిగిందనుకున్నాను. ఈ మధ్యలో వాన రెండుసార్లు గట్టిగా పడింది, కొత్తగా పోసిన మన్ను ఆ నీళ్లన్నీ తాగి కూర్చుంది. మంగళవారం అత్త టీవీ తుడుస్తూ, "దీని మీద మన్ను పడుతుంది అల్లుడా" అంది. "టీవీ మీద మన్ను పడితే సిగ్నల్ పోదత్తా" అన్నాను. బుధవారం, "ఇయ్యాల జాస్తి పడ్డది" అంది. మామ ఊఁ అన్నాడు. గురువారం ఆమె ఏమందో నాకు గుర్తు కూడా లేదు. నేను అప్పుడు తొమ్మిదో రాయికి తాడు కట్టి పైకి లాగుతున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం నాలుగింటికి బొమ్మ అద్దంలా నిలిచింది. అయిదున్నర నుంచి ఆడవాళ్లు రావడం మొదలైంది. చేలోంచి నేరుగా వచ్చి కాళ్లు కడుక్కుని, తెర ముందు ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. ఒగ్గాని వాసన, తడి చీరల వాసన, నవ్వులు. అత్త కొత్త చీర కట్టుకుని, చూడనట్టే చూస్తూ, గడప దగ్గర తిరుగుతోంది. నేను గుమ్మానికి ఆనుకుని పెళ్లి జరిపించిన పురోహితుడిలా నిలబడ్డాను. ఆరుంబావుకు బొమ్మ గళ్లుగళ్లయింది. అంతకుముందే తెచ్చి పెట్టుకున్న పదో రాయిని చంకకెత్తుకుని నిచ్చెన ఎక్కాను.

అదే సమయంలో ఒకామె అత్తను మేలిరకం కందివిత్తనం చూపించమంది. అత్త మట్టిమెట్టు ఎక్కి గరిసె మీది సందులో చెయ్యి పెట్టింది. మోచెయ్యి దూరే సందులో అరచెయ్యి దూరలేదు. ఒక్క క్షణం అలాగే నిలబడి దూలాన్ని చూసిందట. దిగి, "అందరు లేవుండ్రి. బయటికి నడవుండ్రి" అంది. ఎవరూ లేవలేదు. వంట దగ్గర ఏదో చిందిందేమో అనుకున్నారు. మామ తెర మీది నుంచి కళ్లు తిప్పకుండా, "ఇగ జర సేపట్ల నీదే వస్తదంట, అందాంక ఊకో" అన్నాడు. అత్త నడిచి వెళ్లి తన చేత్తో టీవీ ఆపేసింది. తెర నల్లబడింది. "టీవీల నా మాట యెన్క ఇందురు. ఇప్పుడు ఈడ ఇనుండ్రి. దూలం దిగింది. లేవుండ్రి" అంది. ఆమె గొంతు పెరగలేదని, కానీ అలాంటి గొంతు తామెప్పుడూ వినలేదని తర్వాత ఆ ఆడవాళ్లు చెప్పారు. ఒక్కసారిగా లేచారు.

నాకు గవాచిలోంచి పిలుపు వచ్చింది. "అల్లుడా, ఉన్నకాడ్నే నిలవడు. నడిమిట్లకు రాకు. గోడ మీదికెల్లి నడిచి దిగు." ఇంకా పది నిమిషాలు లేదత్తా, ఒక్క రాయి పెడితే అయిపోతుందన్నాను. "రాయి పెట్టకు. దిగు" అంది. ఏ కళనున్నానో, జీవితంలో మొదటిసారి ఎదురు చెప్పకుండా ఆమె మాట విన్నాను. గోడ వెంబడే నడిచి, ఆ రాయి వదలాలని కూడా తోచక చంకలోనే పెట్టుకుని దిగాను. ముప్పై మందీ వీధిలో నిలబడ్డారు, ఒకామె ఒగ్గాని గంప కూడా తెచ్చేసింది. మామ టీవీ తెస్తానని గుమ్మంలోకి పోబోతే, అత్త ఆయన తువ్వాలు పట్టుకుని ఆపింది. ఆ తర్వాత ఎంతోసేపు పట్టలేదు. మిల్లులో బస్తాల వరుస కూలినప్పటి చప్పుడు వచ్చింది. గుమ్మంలోంచి దుమ్ము మా కాళ్ల దాకా వచ్చింది. దుమ్ము తగ్గాక చూస్తే, ఆడవాళ్లు కూర్చున్న చోట ఛాతీ ఎత్తు మన్ను, దాని మీద నా తొమ్మిది రాళ్లు.

నేను గడియారం చూశాను, ఆరూ నలభై. కార్యక్రమం నడుస్తోంది. పెద్ద రైతు ఇల్లు రెండు వీధుల అవతలే. అక్కడికి పోదామని ఎవరికీ తోచలేదు, అత్తకు కూడా. మామ అడిగాడు, "నీకెట్ల ఎరుకాయె?" అని. "మంగళారం సంది చెప్తనే ఉన్న" అంది అత్త. కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా, పొయ్యిలో నిప్పు ఉందని చెప్పినట్టు చెప్పింది. ఆ దూలం నెత్తిన రోజుకో రాయి చొప్పున పెట్టింది నేను, మన్ను రాలుతోందని రోజూ చెప్పింది ఆమె.

ఆ నెలంతా సంతలో తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ అత్తను ఆపి, టీవీలో చూశామని, బాగా చెప్పావని అన్నారు. ఆమె అందరినీ ఒకటే అడిగేది, "నా గొంతు ఎట్లుండె?" అని. మంచిగుండె అనేవారు. అంతకుమించి గొంతు గురించి ఎవరు మాత్రం ఏం చెబుతారు. కార్యక్రమం కాపీ కోసం నేను చాలా తిరిగాను, దొరకలేదు. మామ కూడా వినలేదు, టీవీలో గొంతయితే. కానీ ఆ తర్వాత ఆమె ఏదైనా అంటే నములుతున్నది ఆపి, "ఏమన్నవ్?" అని అడగడం మొదలుపెట్టాడు. పోయేదాకా అలాగే అడిగాడు.

ఇప్పుడు అత్త సిమెంటు కప్పు కింద ఉంటోంది. చేతిలో ఫోను ఉంది, అందులో లోకమంతా కనిపిస్తుంది, ఆ ఒక్కటి తప్ప. ఈ మధ్య వెళ్లినప్పుడు, నీ కార్యక్రమం నా వల్లే పోయిందత్తా అన్నాను. ఆమె కందులు చెరుగుతూ, "ఆ పొద్దు ఇంట్ల ముప్పై మంది నా మాట ఇన్నరు. టీవీల ఎందరిన్నరో ఎవరికెరుక" అంది. నేను లెక్కపెట్టుకుంటూ ఇంటికొచ్చాను. ఆ ఆడవాళ్లలో చాలామంది మనవరాళ్లను ఎత్తుకున్నారు, మామ ఇంకో పన్నెండేళ్లు బతికాడు, నేను తల నెరిసి ఈ కథ రాస్తున్నాను. కాలం ఆ శుక్రవారం అరగంటను మాకు మళ్లీ ఇవ్వలేదు. ఆ అరగంట పోయింది గనకే తర్వాతి ఏళ్లన్నీ మాకు మిగిలాయి.