తల్లి వేషానికి పోర్షను లేదు

మంగళవారం పొద్దున పదిన్నరకు మద్రాసు నుంచి తంతి వచ్చింది. నేను కందిపప్పు ఏరుతున్నాను. మా మరిది జ్వరంతో పోయాడనీ, సమాధి కూడా అయిపోయిందనీ అందులో ఉంది. తంతి మడిచి గూట్లో పెట్టి మిగిలిన పప్పు ఏరాను. రాళ్లు ఏడు వచ్చాయి. ఇప్పటివరకు నా కళ్లు తడి కాలేదు. గొప్పకు చెప్పడం లేదు. ఉన్నది ఉన్నట్టు రాయడం నా అలవాటు.

నేను ఈ అమీర్‌పేట ఇంటికి కోడలిగా వచ్చేనాటికి అతనికి పన్నెండేళ్లు. మిషన్ బడిలో చదువుకున్నదాన్ని కనుక ఛందస్సు నేనే నేర్పాను. పంజగుట్ట దాకా నడిచి పద్యం కట్టుకొచ్చేవాడు. నేను వేళ్లు మడిచి లెక్క చూసేదాన్ని.

"మూడో పాదంల ఒక మాత్ర ఎక్కువైంది."

"ఉండనియ్యి వదినా, పద్యం సుత జర ఊపిరి తీసుకోవాలె గద!"

"ఊపిరి బయట తీసుకో. పద్యంల కాదు."

నవ్వుకుంటూ పోయి దిద్దుకొచ్చేవాడు.

తరువాత నాటకాలు పట్టుకున్నాడు. పేటలోని నేతవాళ్లు, దర్జీలే అతని సమాజం. నాటకం మొత్తం ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. ఎవరి వేషం మాటలు వారికి, వాటికి ముందు ఎదుటివాడు పలికే చివరి రెండు మాటలతో సహా, విడిగా రాసిస్తారు. దాన్ని పోర్షను అంటారు. యుద్ధంతో కాగితం కరువు. పాత కాగితాల వెనుక వైపున, అతను చెబుతుంటే అయిదు పోర్షన్లు నేనే రాశాను. ఆరోది తల్లి వేషం. అది తానే కడతాడు, తనకు కాగితం అక్కరలేదన్నాడు. నేను నాటకాలకు వెళ్లను. ఆ తల్లి ఎటువంటిదని అడగలేదు కూడా.

ఆపైన టాకీకి మాటలు రాయడానికి మద్రాసు పిలిచారు. మూడు నెలలకు చిక్కిపోయి వచ్చాడు.

"టాకీల మాట ఎంత తక్కువుంటే అంత మంచిది వదినా. ముఖం గింత దగ్గరకొస్తది. మనిషి ఊకున్నా తెలుస్తది."

"మరి నిన్నెందుకు పిలిచిండ్రు?"

"ఏడ ఊకోవాలెనో రాసెటందుకు."

వచ్చీరాగానే కొడుకు పోర్షనులో చివరి పదకొండు పంక్తులు కొట్టేయించాడు. మంచి పంక్తులు. "అమ్మా, నేనొచ్చిన" అన్న ఒక్క మాట మిగిల్చాడు.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. భోజనాల వేళకు రానివారి కంచం బోర్లిస్తాను. ఆలస్యంగా వచ్చినవారు దాని ముందు కూర్చోవాలి. నేను మనసులో ఇరవై లెక్కపెట్టి, కంచం తిప్పి, వడ్డిస్తాను. లెక్క సంగతి ఎవరికీ చెప్పలేదు. అందరికంటే ఎక్కువసార్లు కూర్చున్నది మా మరిదే.

రెండోసారి మద్రాసు ప్రయాణమైన రోజున ఒంటిగంటకు తినాలని చెప్పాను. సోమాజిగూడలో ఎవరికో పద్యాలు వినిపించి రెండు దాటాక వచ్చాడు. కంచం ముందు కూర్చున్నాడు. నా లెక్క పన్నెండుకు వచ్చేసరికి బయట జట్కావాడు కేకేశాడు.

"వచ్చినంక తింట వదినా," అని లేచిపోయాడు. ఇంకొంచెం తొందరగా లెక్కపెట్టి ఉండవచ్చు. పెట్టలేదు.

తంతి తరువాత మద్రాసు నుంచి అతని పెట్టె వచ్చింది. అందులో నాటకం మొత్తం ఉన్న పుస్తకం లేదు. అతని పేరిట మరొక్కసారైనా ఆడాలని సమాజంవాళ్లు అయిదు పోర్షన్లూ తెచ్చి నా ముందు పెట్టారు. తల్లి మాటలు ఇరవై మూడు చోట్ల లేవు; ఆఖరి చోట తప్ప ప్రతిచోటా ఆమె చివరి రెండు మాటలు మాత్రం ఉన్నాయి. "వరుసల పెట్టు." "పొద్దు ఆగదు." చెప్పిరాయించినప్పుడు గుర్తుపట్టలేదు. అవి నేను రోజూ అనే మాటలు. ఇరవై రెండు చోట్లు ఒక్క మధ్యాహ్నంలో నింపాను. ఆలోచించే పని పడలేదు. "అమ్మా, నేనొచ్చిన" తరువాత ఏముందో మాత్రం తెలియలేదు. కొడుకు వేషం కట్టిన దర్జీని పిలిపించాను.

"ఆఖరుకు తల్లి ఏమంటది?"

"ఏమనదమ్మా. కొంగు నడుంల చెక్కుకొని అట్లనే నిలబడుతుండె. నాకు నిజంగ భయమైతుండె. జర సేపటికి వంగి, బోర్లిచ్చిన కంచం తిప్పి పెడుతుండె. గంతే, పరదా పడుతుండె."

"ఎంతసేపు నిలబడుతుండె?"

"ఇరవై లెక్కబెట్టేదాక. నన్ను సుత లోపల లెక్కబెట్టుకొమ్మన్నడు. 'నడుమల కదలకు, మా వదిన ఇరవై కాంగనే తిప్పుతది, ఎన్నడు తప్పలే' అన్నడు."

ఇరవై మూడో చోట ఇలా రాశాను: మాట లేదు. ఇరవై లెక్కపెట్టాక తల్లి కంచం తిప్పుతుంది.

దర్జీ వెళ్లాక వంటింట్లోకి పోయాను. అతని కంచం ఆనాడు నేను బోర్లించినట్టే ఉంది; ఇంట్లో ఎవరూ ముట్టలేదు. అడుగున సన్నగా దుమ్ము పట్టింది. దాని ముందు కూర్చుని, పదమూడు నుంచి లెక్క అందుకున్నాను. ఇరవై ఎప్పుడు దాటిందో తెలియలేదు.