అటక దానిది, కింద నాది

మా బడి సైన్స్ టీచరమ్మ పోయిందన్న కబురు ఆమె తమ్ముడే ఫోన్ చేసి చెప్పాడు. ఆ ఏడుపులోనే ఇంకో మాట కూడా అన్నాడు: "ఆ గుడ్లగూబే మా అక్కను మింగింది మేడం."

ఆమె ఉండే చండ్రుగొండలో ఇప్పుడు నలుగురూ అదే అంటున్నారు. నేను ఒప్పుకోను. ఆమెను తీసుకుపోయింది గుండె జబ్బు. షుగరుండి కూడా గోలీలు వేసుకోవడానికి బద్ధకించేది, గట్టిగా అడిగితే నవ్వి మాట దాటేసేది. ఆ నేరం తీసుకెళ్లి పిట్ట నెత్తిన రుద్దుతారా?

ఒకే బడిలో పనిచేసినన్నాళ్లూ ఆమె నాకు అక్క. ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే శనివారం బెల్లు కొట్టగానే భుజాన సంచి తగిలించుకునేది. అందులో బైనాక్యులర్, మరమరాలు, నీళ్ల సీసా. "నడువే, అడివికి పోదాం" అనేది, కూరగాయలకు పోదామన్నంత తేలిగ్గా.

నేను మొదటిసారి వెంట వెళ్లినప్పుడు భద్రాచలం అవతల ఆమెకు తెలిసినవాళ్లింట్లో పడుకున్నాం. పెద్ద ముక్కు మీద కొమ్ములాంటిదుండే కొమ్ముకత్తిరి పిట్టను చూపిస్తానని ఊరించింది. తెల్లారకముందే వెళ్లి చెట్ల కింద నక్కి కూర్చున్నాం. ఇప్పపూలు ఏరుకునే ఆడవాళ్లు మమ్మల్ని చూసి "ఏం పోగొట్టుకున్నరమ్మా?" అని జాలిపడ్డారు. చీమలు కుట్టాయి, ఎండ మాడ్చేసింది. ఎట్టకేలకు పైకొమ్మల్లో ఏదో పెద్దది కదిలింది. సరిగ్గా అప్పుడే నాకు తుమ్మొచ్చింది. అది టపటపా లేచి పోయింది.

"అదేనా అక్కా?"

"మనం సరిగ్గ చూడలే గదనే, అదే అని ఎట్లంటవ్? పిట్టలేమన్న మన కోసం డ్యూటీ చేస్తున్నయా?"

తిరిగొచ్చే దారిలో విరగబూసిన మోదుగ మీద తేనెపిట్టలు కొట్లాడుకుంటుంటే వచ్చిన బస్సును కూడా వదిలేసింది. నాకు ఒళ్లు మండింది. కాసేపటికి నేనూ నోరు తెరుచుకుని ఆ చెట్టు కిందే నిలబడ్డాను.

ఆదివారం పొద్దుగూకే వేళకు చండ్రుగొండ చేరి ఆమె పెంకుటింటి తాళం తీస్తే, అటక మీంచి తెల్లటి ముఖమొకటి వంగి మమ్మల్ని చూసింది. గుడ్లగూబ. మేం లేని రెండు రోజుల్లో పెంకుల కింద సందులోంచి దూరింది. ఎదురింటి తాత గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు.

"ఇంట్లకు గూబొస్తే ఇల్లిడిచి పోవాలె బిడ్డా. తాళమేసి ఆర్నెల్లు ఎటన్న పో."

ఆమె చెప్పులు విప్పి లోపలికి నడిచింది. "అడివంత తిరిగితే ఒక్కటి సరిగ్గ కనబడలే. ఇది మా ఇంటికొస్తే నేను పారిపోవాల్నా తాతా? అటక దానిది, కింద నాది."

చివరిదాకా ఆ మాట మీదే ఉంది. పొద్దున్నే అటక కింద రాలిన ఎలుక ఎముకలు ఊడ్చి, మంచివి ఏరి క్లాసుకు తెచ్చేది. కొందరు ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా తాగేవారు కాదు. ఆమెకు బాధ లేదని అనను. కానీ ఆ బాధ కోసం పిట్టను వెళ్లగొట్టలేదు.

దినకర్మ అయిన మర్నాడు తమ్ముడు మేస్త్రీనీ సిమెంటునూ వెంటబెట్టుకొచ్చాడు, సందు పూడ్చి ఇంటికి తాళం వేయడానికి. పైన గూబ పిల్లలు బుసలు కొడుతున్నాయి. నేను గడప మీద కూర్చున్నాను.

"సందు మూస్తే పిల్లలు లోపల్నే చస్తయి అన్నా."

"గూబున్న ఇంట్ల ఎవరుంటరు మేడం?"

"నేనుంటా. కిరాయికియ్యి."

ఆయన ముఖం పాలిపోయింది. సందు పూడ్చాలనుకున్నది అక్క మీద ప్రేమ లేక కాదు, భయంతో. "మీకేమన్నయితే?"

"ఎప్పటికన్న అయితది గద. అప్పుడు మాత్రం దాని పేరు చెప్పకుండ్రి."

మేస్త్రీ తాపీ కడుక్కుని వెళ్లిపోయాడు. చీకటి పడుతుండగా సందులోంచి ఆ తెల్లటి ముఖం బయటికొచ్చింది. కింద ఎవరున్నారో చూసుకుంది. చప్పుడు లేకుండా మిర్చి చేల మీదికి ఎగిరిపోయి, కాసేపటికి ముక్కున ఎలుకతో తిరిగొచ్చి, నా నెత్తి మీదుగా తన ఇంట్లోకి దూరింది.