రైలు తోక దాటేదాకా

మొన్న మా అమ్మాయి ఏదో ఉద్యోగ పరీక్షకు దరఖాస్తు పెడుతూ, సర్టిఫికెట్లు జెరాక్స్ తీయించుకు రమ్మని నన్ను హాడో బజారుకు పంపింది. మిషన్లోంచి అప్పుడే వచ్చిన కాగితాలను షాపతను చేతిలో పెట్టగానే ఆ వేడి, ఆ కాలిన సిరా వాసన ఒక్కసారిగా తగిలి, వెనకాల క్యూలో ఉన్నావిడ "దీదీ, ఆగే బఢియే" అని ముందుకు జరగమని రెండుసార్లు అనేదాకా నేను అక్కడినుంచి కదల్లేదు. ఆ వాసనకు కాస్త ఎండు నెత్తళ్ళ వాసన కలిపితే అచ్చం మా ఇల్లే, నాకు పదకొండేళ్ళప్పటి మా ఇల్లు.

ఈ దీవిలోనే, ఫీనిక్స్ బే ఓడల జెట్టీకి ఎగువన, మెట్లెక్కి వెళ్ళే గుట్ట మీద ఉండేది మా రేకుల ఇల్లు. ఒకటే గది, ముందు ఒక వసారా, ఆ రెంటికీ కలిపి ఒకటే బల్బు. మా నాన్నను మేం అయ్య అనేవాళ్ళం. శ్రీకాకుళం ఒడ్డునుంచి అక్క పుట్టకముందే ఇక్కడికి వచ్చి, డోంగీ అనే చిన్న పడవ సొంతంగా వేసుకుని వేటకు వెళ్ళేవాడు. అమ్మ ఆ చేపల్ని బుట్టకెత్తుకుని క్వార్టర్ల వైపు తిరిగి అమ్మేది. మా అక్క నూకరత్నం నాకన్నా పదకొండేళ్ళు పెద్దది, మా గుట్ట మీద డిగ్రీ పాసైన మొదటి ఆడపిల్ల, గవర్నమెంటు గుమాస్తా పరీక్షకు చదువుతూ ఉండేది. ఆ పరీక్షలో సగం మార్కులు లెక్కలకూ, బుర్రకు పదును పెట్టే తిరకాసు ప్రశ్నలకూ. ఇంట్లో ఒకటే బల్బు కాబట్టి అక్క చదువు మా అందరి చదువూ అయిపోయింది.

ఆ లెక్కల గైడు ఓడమీద ఎవరో తెప్పించుకున్నది. ఒక్క పుస్తకాన్ని అయిదుగురు ఆడపిల్లలు జెరాక్స్ తీయించుకున్నారు. తీసినవాడు ఏ తొందరలో ఉన్నాడోగాని ప్రతి పేజీకీ కుడివైపు అంచు ఎగిరిపోయింది, దానితోపాటు వరస చివరి అంకెలూ ఎగిరిపోయాయి. కాబట్టి లెక్క చేసేముందు అసలు లెక్కేమిటో అక్క ఊహించాలి. మే నెలలో మొదలై కార్తీకమాసం దాటినా వదలని మా వానలకు ఆ కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయేవి, మూలల్లో బూజు పట్టేవి, ఎండ కాసిన పూట అమ్మ వాటిని నెత్తళ్ళ పక్కనే చాప మీద ఆరబోసేది. కాకులు నెత్తళ్ళకు వస్తే నేను కర్ర పట్టుకుని రెంటికీ కాపలా కాసేదాన్ని. సాయంత్రానికి శాతాలూ సగటులూ అన్నీ ఒకటే నీచు వాసన.

మా దీవుల్లో సూర్యుడికి ఇల్లు చేరే తొందర ఎక్కువ. శీతకాలంలో అయిదున్నర కాకుండానే చీకటి పడిపోయేది. అమ్మ పెద్ద గిన్నెడు టీ కాచి, ఇంత ఉల్లిపాయ, పచ్చిమిరప తరిగి, ఆవనూనె చుక్క వేసి కలిపిన మురీలు, అంటే మరమరాలు, పళ్ళెంలో పోసి మధ్యలో పెట్టేది. అయ్య గోడకు చేరబడి గాలాలకు తాళ్ళు కట్టుకుంటూ కూర్చునేవాడు. టైంపీసు ఒళ్ళో పెట్టుకుని "బస్, టైం ఖతం!" అని అరవడం నా ఉద్యోగం. రేకుల మీద వాన దంచుతుంటే అక్క లెక్కను ముందు హిందీలో చదివి, తర్వాత మాకోసం తెలుగులో గొంతు చించుకుని చెప్పేది. అందువల్ల కింద వరసలో ఇళ్ళవాళ్ళకు కూడా ఆ పూట ఏ లెక్క నడుస్తోందో తెలిసేది. మర్నాడు కుళాయి దగ్గర "నిన్న ఆ తొట్టె నిండిందా లేదా?" అని అడిగినవాళ్ళున్నారు.

ఒకరోజు పడవ లెక్క వచ్చింది. పడవ ప్రవాహం వాలున ముప్పై కిలోమీటర్లు మూడు గంటల్లో వెళ్ళి, అదే దూరం ఎదురునీటిలో అయిదు గంటల్లో తిరిగొచ్చింది, ప్రవాహం వేగం ఎంత? పడవ మాట వినగానే అయ్య తాడు పక్కన పెట్టాడు.

"ఎదురెందుకొచ్చాడు? రొండు గంటలాగితే నీరు తిరిగిపోద్ది గదా!"

"అది ఏరు అయ్యా, సముద్రం కాదు. ఏట్లో నీరు తిరగదు."

"నీరే తిరగని కాడ పడవెందుకేసినాడు సన్నాసి?" అని అయ్య ఆ పడవవాడి మీద చాలా కోపం తెచ్చుకున్నాడు. పోటూ పాటూ తెలియకుండా బయల్దేరిన మనిషికి లెక్క కట్టిపెట్టడం ఆయనకు తప్పుగా తోచింది. అయితే రెండు రోజుల తర్వాత అన్నం తింటూ తింటూ, "ఎల్లీటప్పుడు గంటకి పది, వచ్చీటప్పుడు ఆరు. తేడా నాలుగు, అందుల సగం నీటిది. రొండు!" అన్నాడు. అయ్యకు అక్షరం ముక్క రాదు. అక్క ఎంగిలి చేత్తోనే కాగితం తీసి చూసి, ఎగిరి గంతేసింది.

అమ్మ సంగతి ఇంకా గొప్పది. చుట్టరికాల ప్రశ్నలు తనకే వదిలెయ్యమనేది. 'ఒకతను ఒకామెను చూపించి, ఈమె తల్లి నాకు అక్క అన్నాడు, ఆమె అతనికి ఏమవుతుంది?' అని అక్క చదవడం పూర్తికాకుండానే, "ఏటవుద్ది, పెళ్ళామవుద్ది" అంది అమ్మ. మేనకోడలు అని జవాబులో ఉందని అక్క ఎంత చెప్పినా వినలేదు. మా పక్కింటి అప్పలనరసమ్మ స్వయానా మేనమామనే చేసుకుంది మరి. "ఓలమ్మ, మన అప్పలనరసమ్మ సూరన్నకి పెళ్ళాం కాదేటి? ఏటీ తెలీనోల్లు పరీచ్చలెందుకెడతారు?" అని అమ్మ పేపరు తయారుచేసినవాళ్ళను ఆ పూటంతా తిడుతూనే ఉంది. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. చుట్టరికాల్లో అమ్మను అడగకూడదని ఆరోజే తీర్మానించుకుంది, మొహమాటానికి అడుగుతూనే ఉంది.

ఇంత సందడి చేసి రాసిన మొదటి పరీక్ష పోయింది, అదీ రెండంటే రెండు మార్కుల్లో. స్నేహితురాళ్ళతో కూర్చుని జవాబులు సరిచూసుకుంటే తేలిందేమిటంటే, రైలు లెక్కలు మూడు వచ్చాయి, మూడూ తప్పు. అక్క ఆ రోజు అన్నం తినలేదు. అమ్మ తిట్టలేదుగాని, బజారులో గవ్వల బొమ్మలమ్మే షాపులో అక్కకోసం ఒక పని మాట్లాడి వచ్చింది. "ఇంకో సారి రాయమ్మా, ఈసారీ పోతే షాపులో సేరిపో, మరి నన్నేటీ అడక్కు" అంది. అక్క తలూపింది. షాపు పని చెడ్డదని కాదు, అక్కకు అది వద్దు, అంతే. ఆ ఏడాదంతా ఆ షాపు ముందునుంచి వెళ్ళాల్సి వస్తే రోడ్డు దాటి అవతలివైపు నడిచేది.

రైళ్ళే ఎందుకు తప్పుతున్నాయి? సూత్రం అక్కకు నోటికి వచ్చు. రెండువందల మీటర్ల రైలు, మూడువందల మీటర్ల వంతెన, సెకనుకు ఇరవై మీటర్ల వేగం. రైలు పొడవూ వంతెన పొడవూ కలిపి అయిదువందలు చేసి భాగిస్తే ఇరవై అయిదు సెకన్లు. తీరిగ్గా చేస్తే అలాగే చేసేది. నేను టైంపీసు పట్టుకుని కూర్చుంటే మాత్రం రైలు పొడవు మరిచిపోయి పదిహేను అని రాసేది. ఆ పదిహేను కూడా కింద ఇచ్చిన నాలుగు జవాబుల్లో మూడోదిగా కాచుకుని ఉండేది. అసలు కిటుకేమిటంటే మా దీవుల్లో రైలు లేదు. అక్క పుట్టి పెరిగింది ఇక్కడే, రైలును సినిమాలో తప్ప చూడలేదు, సినిమాలో చూపించేదీ ఇంజనే. మాకు తెలిసినవన్నీ ఓడలు. ఓడ ముక్కు జెట్టీకి తగిలి, తాడు విసిరి కట్టేస్తే వచ్చేసినట్టే, దాని తోక ఎక్కడుందో ఎవరడుగుతారు? అక్క బుర్రలో రైలు కూడా అలాగే ముక్కు తగలగానే వచ్చేసేది.

ఆ సంగతి పట్టుకున్నది అయ్య. వరసగా నాలుగు రైళ్ళు తప్పిన సాయంత్రం, అక్క కళ్ళ నీళ్ళు కొంగుతో తుడుచుకుంటూ కాగితాలన్నీ విసిరికొట్టినప్పుడు, ఆయన మెల్లగా అడిగాడు.

"రత్నం, వంజరం సేపకి గాలం ఎనకాలొగ్గీసి డోంగీ తోల్తన్నాను. అడుగున రాయుంది. డోంగీ ముక్కు రాయి దాటీసింది. నాను తిప్పీవొచ్చా?"

"తిప్పకూడదు."

"ఏం?"

"వెనకాల తాడుంది కదయ్యా. గాలం రాయికి పట్టేస్తుంది."

"మరి రైలుకి ఎనకాల తాడు నేదేటి? ముక్కు దాటితే దాటినట్టు కాదు తల్లీ, తోక దాటాల. ఠీక్ హై?"

అక్క విసిరికొట్టిన కాగితాలను ఒక్కొక్కటే ఏరుకుంది.

మర్నాడో ఆ మర్నాడో వినాయక చవితి. మా తెలుగువాళ్ళ పందిట్లో పూజ అయ్యాక పిల్లలందరూ కుడుములకోసం మా ఇంటికి వచ్చారు. అమ్మ బెల్లం కుడుములూ, ఉప్పు ఉండ్రాళ్ళూ, శనగల తాలింపూ ఆకుల్లో పెడుతుంటే, అయ్య పధ్నాలుగుమంది పిల్లల్ని వరసలో నిలబెట్టి, ఒకరి చొక్కా ఒకరిచేత పట్టించి, ముందు నన్ను ఇంజను చేశాడు. చివర ఆఖరివాడి చేతికి ఎర్ర తువ్వాలు ఇచ్చాడు, అది తోక. మా వసారా వంతెన. బెంగాలీ పిల్లలూ, తమిళ పిల్లలూ, మేమూ "ఛుక్ ఛుక్" అని అరుచుకుంటూ వానలో బురద తొక్కుకుంటూ వసారా దాటుతుంటే, అక్క స్తంభం దగ్గర టైంపీసు పట్టుకుని నిలబడింది. ఇంజను దాటగానే అలవాటుకొద్దీ "అయింది!" అని అరిచేది, "అవనేదు!" అని అయ్య గర్జించేవాడు. ఎర్ర తువ్వాలు స్తంభం దాటేదాకా నోరు మూసుకోవాలి. మాలో ఒక్కరమూ రైలు చూడలేదు, అయినా ఆ మధ్యాహ్నమంతా రైలు నడిపాం. ఏడోసారో ఎనిమిదోసారో అక్క నోరు తనంతట తనే ఆగింది. ఇంజను పోయింది, బోగీలు పోయాయి, తువ్వాలు దాటింది, అప్పుడంది "అయింది" అని. నాకు మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయాయి, ఆ రోజంత సంతోషం మళ్ళీ ఏ పండక్కీ ఎరగను.

రెండో పరీక్ష రోజు అయ్య వేటకు వెళ్ళలేదు. పరీక్ష జరిగే బడి గేటు బయట ఒకే గొడుగు కింద ముగ్గురం నిలబడ్డాం. అమ్మ దారిపొడవునా తనకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుంది. గంట కొట్టాక అక్క బయటికి వచ్చింది, మొహంలో ఏమీ కనబడలేదు. అయ్య ఒక్క మాటే అడిగాడు, "రైలొచ్చిందా?"

"రెండొచ్చాయయ్యా. రెండింటికీ తోక దాటించాను."

ఫలితాలకు మూడు నెలలు పట్టింది, అందాకా మా సాయంత్రం లెక్కలు మానలేదు. ఆఫీసు గోడకు అంటించిన జాబితాలో అక్క నంబరు పైనుంచి తొమ్మిదోది. కింది నుంచి ఎన్నోదో కూడా లెక్కపెట్టి వచ్చింది, వరస లెక్కలు చేసి చేసి అలవాటు అలా అయిపోయింది. అమ్మ వీధి వీధంతా బూందీ పంచింది, గవ్వల షాపాయనకు కూడా ఇచ్చి వచ్చింది. ఆయన నిజంగానే సంతోషించాడట.

మర్నాడు సాయంత్రం వాన లేదు. అమ్మ టీ కాచింది, మురీలు కలిపింది. అక్క లెక్కల కాగితాలను పెట్టెలో సర్దేస్తోంది, నేను గచ్చు మీద బొక్కబోర్లా పడుకుని ఉన్నాను. అయ్య ఎప్పటిలా గోడకు చేరబడి తాడు తీసుకుని, కాసేపు చూసి, "ఇయ్యేల లెక్క నేదేటి?" అన్నాడు.

ఇంకెందుకయ్యా, పాసైపోయింది కదా అని నేను నవ్వాను. అయ్య నవ్వలేదు. "అదీ నిజమేలే" అని గాలం ముడి వేసుకోవడం మొదలుపెట్టాడు. అక్క పాస్ కావాలని ఏడాదిపాటు మొక్కుకున్న నాకు, పాసైతే ఈ సాయంత్రాలు ఉండవని అప్పుడే తెలిసింది. అక్క పెట్టె వదిలేసి వచ్చి, అంచు ఎగిరిపోయిన కాగితం ఒకటి తీసి, అయ్య పక్కన కూర్చుని, గట్టిగా ఒక లెక్క చదివింది. ఎవరికీ పరీక్ష లేదు. ఆ ఒక్క లెక్కను అందరం చాలాసేపు చేశాం.

అక్కకు వేరే దీవిలో పోస్టింగు వచ్చి ఓడెక్కి వెళ్ళింది, ఇప్పుడు పెద్ద ఆఫీసరు. ఆ జెరాక్సులన్నీ అమ్మ చేతుల్లో ఎండుచేపల పొట్లాలై పోయాయి. గుట్ట మీద రేకుల ఇళ్ళు పోయి స్లాబులు వచ్చాయి, ఎంత వాన కురిసినా లోపల చప్పుడు లేదు. అయ్య పోయి ఆరేళ్ళు. మా అమ్మాయికి సొంత గది ఉంది, ఫోనులో లెక్క వస్తుంది, చెవుల్లో వైర్లు పెట్టుకుని వేలితో ఒత్తుతుంది, తప్పో ఒప్పో ఆ ఫోనే చెబుతుంది. తెలివైన పిల్ల, పాసవుతుంది, నాకు ఆ బెంగ లేదు. నిన్న సాయంత్రం మాత్రం టీ గ్లాసుతో వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"ఏ లెక్కే అది? పైకి చదువు" అన్నాను.

ఒక చెవి వైరు తీసి, "అరే మమ్మీ, అది అయిపోయింది" అంది నవ్వుతూ. మళ్ళీ వైరు పెట్టుకుంది.