ఏమనదు

మా ఇంటి గేటు దగ్గర ఎవరు నిలబడినా మేము మొదట చెప్పే మాట "ఏమనదు, రండి." ఆ మాట చెప్పేటప్పుడు నాన్న గొలుసును రెండు చేతులకూ చుట్టుకుని, ఒక కాలు గడపకు తన్నిపెట్టి, వెనక్కి వాలి ఉండేవాడు. గొలుసు రెండో కొసన కుక్క ముందుకాళ్లు గాలిలో ఉండేవి. వచ్చినవాళ్లు నాన్న మాటను నమ్మాలో, నిలబడ్డ తీరును నమ్మాలో తేల్చుకోలేక, రోడ్డు మీది నుంచే పని చెప్పి వెళ్లిపోయేవాళ్లు.

కుక్క మాది కాదు. భద్రాచలం పోయే దారిలో అడవికి ఆనుకుని ఉన్న బొగ్గుబావుల ఊరు మాది. నాన్న బాయిలో బొగ్గుకు మందుపెట్టి పేల్చే పనిచేసేవాడు. ఆయన పైఅధికారి ఒకాయన బదిలీ మీద పోతూ కుక్కను మాకు అంటగట్టిపోయాడు. "ఏమనదు, తీసుకుపో" అన్నాడట. అలా కుక్కతోపాటు ఆ మాట కూడా మాకు సంక్రమించింది. అల్సేషియన్ అని నాన్న, కాదు కలగలుపని పశువుల దవాఖానా కంపౌండరు. నేను గ్రంథాలయంలో బొమ్మలు చూసి తేల్చాను. తల ఒక దేశానిది, తోక ఇంకో దేశానిది. కోపం మాత్రం పూర్తిగా స్వదేశీ.

గ్రంథాలయం అన్నాను కాబట్టి నా సంగతి కూడా చెప్పాలి. నేను ఇంటర్ దగ్గర ఆగిపోయి జిరాక్స్ షాపులో కుదురుకున్నవాణ్ణి. ఆ పైచదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే జరిగింది. ఫ్యాను తిరిగే మూల కుర్చీలో కూర్చుని గుండెజబ్బుల నుంచి గుడ్లు పొదిగించడం దాకా చదివాను. కుక్కల పెంపకం మీద అక్కడ ఒకే పుస్తకం ఉండేది, ఎవరో తెలుగులోకి తెచ్చినది. రాసినాయనది చలిదేశం. కుక్కను సోఫా ఎక్కనివ్వకూడదని రాశాడు. మాకు సోఫా లేదు కనుక ఆ నియమం అప్పటికే పాటిస్తున్నట్టు లెక్క. యజమాని ముందు తినాలి, కుక్క తరువాత తినాలి, ఎవరు ముందు తింటే వాళ్లే పెద్ద అని కుక్క అనుకుంటుంది అని కూడా రాశాడు. మా ఇంట్లో నాన్న తిన్నాక నేను, నేను తిన్నాక కుక్క, కుక్క తిన్నాక అమ్మ. ఆ వరసన ఇంట్లో అందరికన్నా చిన్నది అమ్మ. కుక్క వినేది మాత్రం ఆమె ఒక్కదాని మాటే. ఈ వైరుధ్యాన్ని అమ్మకు వివరించబోయాను.

"ఆ పుస్తకం రాసినాయన ఇంట్ల వంట ఎవరు చేసిన్రో అడుగు ముందు" అంది.

కుక్క మీద అమ్మకున్న అధికారం గొప్పదే కానీ, అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు అది చెల్లేది కాదు. ఒకరోజు గ్యాస్ బండ తెచ్చినతను గేటు దగ్గర ఆగి అరిచాడు. అమ్మ లోపలి నుంచే "ఏమనదు, రా" అంది. అతను వచ్చాడు. పిక్క పట్టుకున్న కుక్కను విడిపించడానికి అమ్మ చేతిలో గరిటెతోనే పరుగెత్తాల్సి వచ్చింది. ఖర్చు మాదే, తీసుకుపోయే పనీ మాదే. సూది ఉన్న ప్రతిసారీ నేను సైకిల్ మీద అతన్ని దవాఖానాకు తీసుకెళ్లాను. వెనక కూర్చుని అతను అనేవాడు: "మీ అమ్మ అన్నది నిజమే తమ్మీ. అది ఏమనలే. సప్పుడు చెయ్యకుండ పట్టుకున్నది." అప్పటి నుంచి బండను వీధి మొగలో దింపించుకుని నేనే మోసుకొచ్చేవాణ్ణి.

ఇలా, కుక్క స్వేచ్ఛగా, మేము జాగ్రత్తగా కాలం గడుపుతుండగా అక్క నెలతప్పింది.

అక్కను ఇచ్చింది మధిరలో. తొలికాన్పు కాబట్టి పుట్టింటికి తెచ్చుకోవాలి. ఏడో నెల రాకముందే అమ్మ అరిసెల బియ్యం ఆరబోసింది. అప్పుడు అక్క అత్తగారు ఫోన్ చేసింది. "వదినగారూ, కుక్క ఉన్న ఇంటికి నిండుమనిషిని ఎట్లా పంపమంటారు? ముందు నేనొచ్చి చూస్తాను. నాకు నచ్చితే సరే, లేకపోతే కాన్పు ఇక్కడే చేయిస్తాం."

అమ్మ ఫోన్ పెట్టేసి, ఆరబోసిన బియ్యం పక్కనే కూర్చుండిపోయింది. అక్క, నేను పుట్టేనాటికే అమ్మకు తల్లి లేదు. మేనమామ భార్య పురుడు పోసింది. పోసిన ప్రతి చెంబునూ లెక్కపెట్టి, అమ్మను ఎన్నటికీ మరవనివ్వలేదట. "నా బిడ్డకు నా చేతులతోని నీళ్లు పోసుకుంటననుకున్న" అంది అమ్మ. "అది కూడ కుక్క పాలైతదా?"

నాన్న ఉపాయాలు మొదలుపెట్టాడు. తల్లాడలో బాబాయి మిరపతోటకు పంపిద్దామన్నాడు. తోటకు కాయ కోయడానికి ఆడవాళ్లు వస్తారు, మన ఇంటి ప్రమాదాన్ని బస్సెక్కించి ఇంకొకరి ఇంటికి పంపడం బాధ్యత అనిపించుకోదు అన్నాను. పుస్తకంలో ఉన్నదే.

"అయితే అడివి దాటిచ్చి ఇడిసిపెడుదం" అన్నాడు.

"ఒక బిడ్డను తెచ్చుకోనీకి ఇంకో బిడ్డను అడివిల పారేస్తమా?" అంది అమ్మ. కుక్క పేరు ఇంగ్లీషుది, అమ్మ నోరు తిరగదు. అందుకని దాన్ని బిడ్డా అనే పిలిచేది.

ఇక మిగిలింది పుస్తకం. దానితోపాటు నేను. మూతికి తొడుగు వేయాలని అందులో ఉంది. మా చుట్టుపక్కల మూతికి తొడిగే వస్తువు ఒక్కటే, నూర్పిళ్లప్పుడు ఎద్దులకు కట్టే చిక్కం. సంతలో ఒకటి కొన్నాను. కుక్క దాన్ని మొదటిరోజు తొడుక్కుంది, రెండోరోజు తినేసింది. తరువాత ఖమ్మం వెళ్లి తోలుది తెచ్చాను. మనుషులకూ కుక్కకూ మధ్య అడ్డు ఉండాలని కూడా ఉంది. అడవి ఊళ్లవాళ్లు అమ్మే వెదురు తడిక కొని కట్టాను. అందులోంచి తల బయటికి పెట్టి, తడికను మెడలో వేసుకుని ఇల్లంతా తిరిగింది. ఆఖరికి నాన్న వెల్డింగ్ షాపులో ఇనుపజాలీ తలుపు చేయించాడు.

మాది కంపెనీ క్వార్టర్. ముందు వాకిలి, మధ్యలో రెండు గదులు, వెనక పెరడు. నల్లా, మరుగుదొడ్డి పెరట్లోనే. అందుకని కుక్కకు కూడా షిఫ్టులు వేశాం. మనుషులకు పెరడు కావాల్సినప్పుడు దానికి వాకిట్లో డ్యూటీ, చుట్టాలొస్తే పెరట్లో డ్యూటీ. షిఫ్టు మారేటప్పుడు మూతికి తొడుగు, మెడకు గొలుసు, మనుషులంతా ఒక గదిలో. పెరటి గుమ్మానికి జాలీ తలుపు, దాని ముందు చెక్క తలుపు. ఒకటి తీస్తే రెండోది మూసి ఉండాలి. ఇదంతా ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాను. అక్షరాలు చాలా బాగా వచ్చాయి.

అక్క అత్తగారు మధిర నుంచి సున్నుండల డబ్బాతో దిగింది. నిండైన మనిషి. గేటు దగ్గర ఆగగానే అమ్మా నాన్నా ఒకేసారి "ఏమనదు, రండి" అన్నారు. నిజానికి అప్పుడు కుక్క వెనక పెరట్లో ఉంది. అలవాటు కొద్దీ అనేశారు.

ఆమె కూర్చుని మంచినీళ్లు తాగుతుండగా కొత్త మనిషి వాసన పెరట్లోకి చేరింది. జాలీ తలుపు దడదడలాడింది. గోడ మీది కాగితం ఒక మూల ఊడింది.

"ఏమీ అనదా?" అంది ఆమె.

"ఏమనదు వదినా. సూడనీకే గట్ల" అంది అమ్మ.

"మనిషి మంచోళ్లా కాదా అని వాసన పడ్తది చెల్లెమ్మా. మంచోళ్లను ఏమనదు" అన్నాడు నాన్న.

"మరి నన్ను చూసి అంతలా అరుస్తోందేమిటి అన్నయ్యగారూ?"

నాన్న చెంబు అందుకుని, కాళ్లకు నీళ్లు తెస్తానని పెరటివైపు వెళ్లిపోయాడు. ఇక నా విద్వత్తు ఆగలేకపోయింది.

"కరుస్తది అత్తమ్మా" అన్నాను.

అమ్మ నా వైపు చూసిన చూపు కన్నా కుక్క చాలా నయం. అయినా ఆగలేదు. అది ఎవరిని ఎలా కరిచిందో చెప్పాను. పసిపిల్ల ఏడుపు దానికి ఏదో చిన్న జంతువు అరుపులా వినపడవచ్చని చెప్పాను. ఎంత మంచి కుక్కనైనా, పక్కన ఎంతమంది ఉన్నా, పసిపిల్లతో ఒక గదిలో ఉంచకూడదని చెప్పాను. అందుకే ఈ తలుపులు, ఈ షిఫ్టులు అని గోడ వైపు చూపించాను.

ఆమె సున్నుండల డబ్బా పక్కన పెట్టి అంతా విన్నది. "ఇంతసేపటికి ఈ ఇంట్లో ఒకళ్లు నిజం చెప్పారు" అంది. "ఇదంతా ఎవరు చెప్పారు బాబూ నీకు?"

"పుస్తకంల ఉన్నది అత్తమ్మా."

"పుస్తకంలో ఉంది. ఇంట్లో ఉందో లేదో చూద్దాం పద."

లేచి తిన్నగా పెరటి గుమ్మం దగ్గరికి నడిచింది. చెక్క తలుపు బార్లా తెరిచి ఉంది. జాలీ తలుపుకు గొళ్లెం లేదు. అంటే ఉంది, వేసి లేదు. నాన్న చెంబుడు నీళ్ల కోసం వెళ్లి, కుక్కను ఒక చేత్తో నెట్టుకుంటూ లోపలికొచ్చి, గొళ్లెం సంగతి మరిచాడు. ఆ తలుపు పెరటివైపు తెరుచుకునేది కాబట్టి బతికిపోయాం. కుక్క ఎంత బలంగా తోస్తే అంత గట్టిగా మూసుకుంటోంది. ఒక్కసారి దానికి లాగాలని తోచి ఉంటే మధిర సంబంధం అక్కడితో సరి.

ఆమె తనే గొళ్లెం వేసింది. చెక్క తలుపు కూడా మూసింది. అప్పుడు నాన్న వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, బాయిలో కూడా ఇట్లాగే పనిచేస్తారా?"

"బాయిల గిట్ల చేస్తే మనిషి మిగలడు చెల్లెమ్మా."

"మరి ఇంట్లో మిగులుతాడా?"

నాన్న గొళ్లెం వైపు చూశాడు. ఆయన చేతిలో చెంబు అలాగే ఉంది. అమ్మ ముఖం చూస్తే అరిసెల బియ్యం పక్కన కూర్చున్నప్పటిలాగే ఉంది.

"కుక్కకు గొలుసు బాగుంది వదినగారూ" అంది ఆమె అమ్మ వైపు తిరిగి. "మీకే లేదు. పిల్లను పంపుతాను. పుట్టింట్లో కాన్పు కావాలని ఏ తల్లికుండదు? కానీ నేనూ వెంట వస్తాను."

అమ్మ సంతోషంతో ఆమె చేతులు పట్టుకుంది. ఆ మాటలో రెండో సగం తరువాత అర్థమైనట్టుంది, పట్టు కొంచెం సడలింది.

ఆ సాయంత్రం నాన్న నా కాగితాన్ని గోడ మీది నుంచి తీసేశాడు. బాయిలో మందు పేల్చేముందు అందరినీ పక్కకు పంపి, కేక వేసి, అవతలి నుంచి జవాబు వినపడితే తప్ప ముట్టించరు. నాన్న ఆ పద్ధతిని ఇంట్లోకి తెచ్చాడు. కుక్కను కదిలించేవాళ్లు "తలుపు!" అని అరవాలి. లోపలివాళ్లు గొళ్లెం చేత్తో పట్టి చూసి "పడ్డది!" అనాలి. జవాబు రాకపోతే కుక్క కదలదు, మనిషి కదలడు, మరుగుదొడ్డికి ఎంత అవసరమున్నా సరే. అలవాటైన చోటే జాగ్రత్త జారిపోతుందని నా పుస్తకంలో కూడా ఉంది. ఆ ముక్క విదేశీయుల కోసం రాశాడనుకున్నాను.

అక్క వచ్చింది, అత్తగారూ వచ్చింది. కారం తగ్గించమని అత్తగారు, కారం లేనిది కూడేందని అమ్మ. బాలింతకు పెట్టే పథ్యం దగ్గర మధిరకూ మాకూ సంధి ఎన్నడూ కుదరలేదు. గొళ్లెం దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. మేము "పడ్డది" అన్నాక కూడా అత్తగారు లేచి వెళ్లి ఒకసారి లాగి చూసుకునేది. కుక్క జాలీ అవతలి నుంచి ఆమెనే చూసేది. ఈ ఇంట్లో తనను ఎన్నడూ నమ్మనని తేల్చిచెప్పిన మొదటి మనిషి పట్ల దానికి ఏదో మర్యాద ఏర్పడిందని నాకనిపించింది. దీనికి పుస్తకంలో ఆధారం లేదు.

దవాఖానా నుంచి ఆడపిల్లతో ఇంటికొచ్చిన రోజు, తొలి ఏడుపుకే కుక్క అరవడం మానేసి తల పక్కకు వాల్చి వింది. అమ్మ కరిగిపోయింది.

"సూడుండ్రి, గుర్తుపట్టింది. ఒక్కసారి జాలీ దగ్గరికి తీస్కపోయి వాసన సూపిస్తే..."

అక్క మంచం మీది నుంచే అంది: "అమ్మా, నీ బిడ్డ నీకు, నా బిడ్డ నాకు."

అమ్మ లేచి పొయ్యి దగ్గరికి పోయింది. కాగిన నీళ్లు దించి, కాళ్లు చాపుకుని పీట మీద కూర్చుని, మనవరాలికి తన చేతులతో నీళ్లు పోసింది. ఎన్ని చెంబులు పోసిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆ తరువాతి నెలల గురించి చెప్పడానికి కథేమీ లేదు. ఏమీ జరగలేదు. ఏమీ జరగకుండా ఉండటానికి మేమంతా రోజూ గొంతు చించుకున్నాం. వాడకట్టులో మాత్రం "పిల్ల వచ్చినంక మీ కుక్క మంచిగ మారింది" అన్నారు. అది వెంట్రుకంత కూడా మారలేదు. మారిన మమ్మల్ని ఎవరూ మెచ్చుకోలేదు.

అయిదో నెలలో పిల్లను మధిరకు తీసుకుపోయారు. మరునాడు మధ్యాహ్నమే అక్క ఫోన్. పిల్ల నిద్రపోవడం లేదట. ఊయల ఊపారు, పాట పాడారు, దిష్టి తీశారు. అప్పుడు తట్టిందట అత్తగారికి. పుట్టినప్పటి నుంచి అది కుక్క అరుపుల్లోనే నిద్రపోయింది. మధిర ఇంట్లో చప్పుడు లేదు.

నా దగ్గర అప్పుడు ఊరంతా వినపడే స్పీకరున్న చవక ఫోను ఉండేది. అమ్మ దాన్ని జాలీ దగ్గర పట్టుకుని "అరువు బిడ్డా, అరువు" అని బతిమాలింది. ఈగ వాలినా అరిచే కుక్క ఫోను వైపు చూసి ఆవులించింది. నేను గొలుసు గలగలలాడించాను. పడుకుంది.

"ఏమంటోంది?" అంది ఫోన్లోంచి అత్తగారు.

"ఏమనదంట వదినా" అంది అమ్మ దిగులుగా.

అవతలి నుంచి వినపడుతున్నది పిల్ల ఏడుపు ఒక్కటే. తరువాత ఎవరో గొంతు సవరించుకున్నారు. తరువాత, మధిరలో పదిమందికి పెద్దదిక్కైన ఆ మనిషి గొంతు, మొదట మొహమాటంగా, ఆ తరువాత నిండుగా, "భౌ" అంది.

మా కుక్క ఒక్క ఎగురున లేచి, పళ్లన్నీ బయటపెట్టి, ఫోను మీదికి అరిచింది. ఆమె మళ్లీ అంది. ఇది మళ్లీ అరిచింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, ఫోను జాలీ దగ్గర అలాగే పట్టుకుంది. పిల్ల ఏడుపు సన్నబడి, ఆగిపోయింది.

"పడుకుంది" అంది అక్క గుసగుసగా. "అత్తమ్మా, ఇంక చాలు."